పదిహేను కిలోల గీత

విమానంలో సామాను బరువుకు హద్దు ఉండాల్సిందే. ఆ హద్దు దాటిన కిలోకు వసూలు చేసే రుసుముకు మాత్రం హద్దెందుకు లేదు?

ఫిల్మ్‌నగర్ వీధుల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి ఏడాది పొడవునా రెండు రకాల సామాను వెళ్తుంటుంది. ఒకటి సినిమా యూనిట్లది. విదేశంలో పాటల షెడ్యూలు కుదిరిందంటే కెమెరాలు, లెన్సుల పెట్టెలు, కాస్ట్యూముల ట్రంకులు, మేకప్ సామగ్రి అన్నీ జాబితా రాసి, తూచి, నంబర్లు వేసి పంపుతారు. రెండోది ఇళ్లది. వేసవి సెలవులకు గోవాకో కశ్మీర్‌కో బయల్దేరిన కుటుంబాలది, డాలస్‌లోనో షికాగోలోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్తున్న తల్లిదండ్రులది. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, మనవరాలి పట్టులంగా అందులో ఉంటాయి. ఈ రెండు రకాల పెట్టెలూ ఒకే బెల్టు మీద సాగి, ఒకే విమానంలో చేరతాయి. కిలో కెమెరా స్టాండుకూ కిలో ఆవకాయకూ విమానం మోసే బరువులో తేడా లేదు. ఆ కిలోకు ఎవరు, ఎప్పుడు, ఎంత కడుతున్నారన్న దగ్గరే తేడా అంతా ఉంది. ముందే లెక్క తెలిసి, బేరమాడే బలం ఉన్నవాళ్లకు ఒక ధర పడుతుంది. విమానం బయల్దేరే వేళ దగ్గరపడుతుండగా కౌంటర్ ముందు నిలబడి, వేరే దారి లేక ఒప్పుకునేవాళ్లకు మరో ధర పడుతుంది. బరువుకు హద్దు పెట్టడం న్యాయమే. ఆ హద్దు దాటిన కిలో ధరకు మాత్రం అసలు ఖర్చుతో సంబంధం ఎప్పుడో తెగిపోయింది. ప్రయాణికుడి నిస్సహాయతే ఇవాళ దానికి కొలబద్ద. దీన్ని సరిదిద్దడం ప్రభుత్వానికి సాధ్యమే, అది దాని బాధ్యత కూడా.

హద్దు ఎందుకు ఉండాలి

ముందు విమానం వైపు న్యాయాన్ని ఒప్పుకోవాలి. మన దేశీయ మార్గాల్లో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 తరహా విమానం గాల్లోకి లేచే సమయానికి ప్రయాణికులు, సామాను, ఇంధనంతో కలిపి సుమారు 79 టన్నులు మించకూడదు. అందులో 180 మంది ఎక్కి, ఒక్కొక్కరు అయిదేసి కిలోలు ఎక్కువ తెచ్చారనుకుందాం. మొత్తం 900 కిలోలవుతుంది, అంటే టన్నుకు కాస్త తక్కువ. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలు దాటితే గాలి పలచబడి, రెక్కలకు అందే ఊతం, ఇంజిన్ల శక్తి రెండూ తగ్గుతాయి. ఇక్కడ 4,260 మీటర్ల రన్‌వే ఉంది కాబట్టి పెద్ద విమానాలకు ఇబ్బంది తక్కువ. పొట్టి రన్‌వేలున్న ఊళ్లకు వెళ్లే చిన్న విమానాలకు ప్రతి కిలో లెక్కే. బరువు ఎంత ఉందన్నది ఒక ప్రశ్నయితే, అది విమానంలో ఎక్కడ ఉందన్నది మరో ప్రశ్న. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో ఎయిర్ మిడ్‌వెస్ట్ సంస్థ చిన్న విమానం గాల్లోకి లేచిన కాసేపటికే కూలి 21 మంది చనిపోయారు. ఎలివేటర్ తీగల మరమ్మతు సరిగా చేయకపోవడం ఒక కారణం. ప్రయాణికుల, సామాను బరువును సగటు అంకెలతో తక్కువగా అంచనా వేయడంతో బరువు పరిమితి దాటి, వెనక వైపు ఎక్కువ కావడం మరో కారణం. ఆ తర్వాతే అక్కడి నియంత్రణ సంస్థ సగటు బరువుల అంకెలను పెంచింది. ఒక్కో పెట్టె 32 కిలోలు మించకూడదన్న నియమం వెనకా మనుషులే ఉన్నారు. రోజుకు వందల పెట్టెలు వంగి ఎత్తే లోడర్ల నడుములు కాపాడటానికి పెట్టిన హద్దు అది. తూకం వద్దనో, ఎంతైనా తెచ్చుకోనివ్వమనో ఎవరైనా అంటే ఆ వాదనకు విలువ లేదు.

హద్దుకు ఆధారం భౌతికశాస్త్రమైతే, హద్దు దాటిన కిలో ధర కూడా అందులోంచే పుట్టాలి. ఆ లెక్క వేయడం కష్టమేమీ కాదు. అదనంగా మోసే బరువులో గంటకు సుమారు మూడు శాతం మేర ఇంధనం అదనంగా ఖర్చవుతుందన్నది విమానయానంలో వాడుకలో ఉన్న మోటు లెక్క. హైదరాబాద్ నుంచి ఢిల్లీ రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పది కిలోలు ఎక్కువ మోస్తే కాలేది ఆరేడు వందల గ్రాముల ఇంధనం, లీటరులో ముప్పాతిక భాగం. లీటరు విమాన ఇంధనం వంద రూపాయలనుకున్నా డెబ్బై అయిదు రూపాయలవుతుంది. అంటే కిలోకు పడేది ఏడెనిమిది రూపాయలు. కౌంటర్ సిబ్బంది జీతం, బెల్టు ఖర్చు, లోడర్ల కూలి, ఆ చోటులో సరుకు వేసుకుంటే వచ్చే ఆదాయం అన్నీ కలుపుకొని దీన్ని పది రెట్లు చేసినా కిలోకు డెబ్బై అయిదు రూపాయలు. ఇవాళ దేశీయ మార్గాల్లో పెద్ద సంస్థలు కౌంటర్ దగ్గర కిలోకు అయిదు వందల రూపాయల పైనే తీసుకుంటున్నాయి. ఈ రెంటి మధ్య తేడాకు బరువు కారణం కాదు.

వంద రూపాయల నుంచి ఇక్కడి దాకా

ఎకానమీ ప్రయాణికుడికి ఇరవై కిలోలు ఉచితం అన్నది దశాబ్దాల పాటు ప్రపంచంలో చాలాచోట్ల నడిచిన పద్ధతి. మన దేశంలో 2013లో డీజీసీఏ, అంటే పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్, సీటు ఎంపిక, భోజనం, సామాను వంటి సేవలను టికెట్టు నుంచి విడదీసి వేరుగా వసూలు చేసుకోవడానికి అనుమతి ఇచ్చింది. దాని తర్వాత తక్కువ ధరల సంస్థల్లో ఉచిత సామాను పదిహేను కిలోల దగ్గర స్థిరపడింది. చాలాకాలం పాతిక కిలోలు ఇచ్చిన ఎయిరిండియా కూడా 2024 మేలో కొన్ని తరగతుల ఎకానమీ టికెట్లకు పదిహేను కిలోలకు దిగింది. హద్దు తగ్గుతున్న కొద్దీ దాన్ని దాటేవాళ్లు పెరుగుతారు, రుసుము ఆదాయమూ పెరుగుతుంది. అప్పట్లో సంస్థలు కిలోకు మూడు వందల రూపాయల దాకా తీసుకోవడం చూసి, 2016 జూన్‌లో డీజీసీఏ పదిహేను నుంచి ఇరవై కిలోల మధ్య బరువుకు కిలోకు వంద రూపాయలు మించి వసూలు చేయకూడదని ఆదేశించింది. విమానయాన సంస్థల సమాఖ్య ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2017 ఆగస్టులో కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఇలా ధరకు పరిమితి పెట్టే అధికారం డీజీసీఏకు లేదన్నది తీర్పు సారం. ఏడాది తిరిగేసరికి, 2018 ఆగస్టులో, దేశంలోనే అతిపెద్ద సంస్థ ఇండిగో కౌంటర్ ధరను కిలోకు నాలుగు వందల రూపాయలకు పెంచింది. 2021 ఫిబ్రవరిలో చెక్-ఇన్ సామాను లేకుండా చేతిసంచితో వెళ్లేవాళ్లకు తక్కువ ధర టికెట్లు అమ్ముకోవడానికీ అనుమతి వచ్చింది. ఈ వరుసలో ప్రతి అడుగూ సంస్థలకు స్వేచ్ఛ పెంచింది. ప్రయాణికుడికి రక్షణ ఇచ్చినది 2016 నాటి ఆదేశం ఒక్కటే. అది పద్నాలుగు నెలలు బతికింది.

ఈ మార్పుల బరువు అందరి మీదా సమానంగా పడదు. ఉద్యోగం పని మీద నెలకు నాలుగుసార్లు తిరిగేవాళ్లు చేతిసంచితో వెళ్లి వస్తారు. వాళ్లకు హద్దులన్నీ కంఠతా వచ్చు, రుసుము పడినా కంపెనీ భరిస్తుంది. సెలవులకు వెళ్లే కుటుంబం ఏడాదికోసారో రెండేళ్లకోసారో విమానం ఎక్కుతుంది. పిల్లల బట్టలు, చలికోట్లు, మందులు, చుట్టాలకు ఇచ్చే కానుకలు, తిరుగు ప్రయాణంలో కొన్న వస్తువులు వాళ్ల పెట్టెల్లో ఉంటాయి. నియమాలు తెలియక పొరబడేది, జేబులోంచి కట్టేది వాళ్లే. 2017 ఏప్రిల్ 27న కేంద్రం ఉడాన్ పథకం కింద విమానాలు ప్రారంభించిన రోజున కడప-హైదరాబాద్ సర్వీసు కూడా మొదలైంది. చిన్న ఊళ్ల మామూలు మనిషి విమానం ఎక్కాలన్నదే ఆ పథకం ఆశయం. పొద్దున బస్సు దిగి సాయంత్రం విమానం ఎక్కే ఆ మామూలు మనిషికి తెలిసిన సామాను నియమం రైలుది. స్లీపర్ బోగీలో నలభై కిలోలు, థర్డ్ ఏసీలో నలభై, సెకండ్ ఏసీలో యాభై, ఫస్ట్ ఏసీలో డెబ్బై కిలోలు ఉచితం. దాటితే ఎంత కట్టాలో దేశమంతటికీ ఒకే పట్టిక ఉంది. విమానం రైలంత మోయాలని ఎవరూ అడగడం లేదు. రైలు పట్టికకున్న స్పష్టత మాత్రం విమానం టికెట్టుకూ ఉండాలి.

సినిమా యూనిట్టు నేర్పే పాఠం

బరువును ముందే తెలిసిన ఖర్చుగా మార్చుకోవడం ఎలాగో చూడాలంటే ఫిల్మ్‌నగర్‌లోని ఏ నిర్మాణ సంస్థ ఆఫీసులోనైనా విదేశీ షెడ్యూలు కాగితాలు చూడాలి. ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ పాటను 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని అధ్యక్ష భవనం ముందు చిత్రీకరించారు. అలాంటి షెడ్యూలుకు నటీనటులు, నృత్య బృందం, సాంకేతిక సిబ్బందితో పాటు వాళ్ల పనిముట్లూ దేశం దాటాలి. ఖరీదైన పరికరాలను తాత్కాలికంగా విదేశానికి తీసుకెళ్లి సుంకం లేకుండా తిరిగి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నే అనే పత్రం ఉంది. మన దేశంలో దాన్ని వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య ఫిక్కీ జారీచేస్తుంది. ఆ పత్రంతో జతచేసే జాబితాలో ప్రతి వస్తువు పేరు, సంఖ్య, బరువు, విలువ రాయాలి. కస్టమ్స్ కోసం రాసిన ఆ జాబితాతోనే ప్రొడక్షన్ మేనేజర్‌కు మొత్తం ఎన్ని కిలోలో వారాల ముందే తేలిపోతుంది. ఏది మనుషులతో వెళ్లాలి, ఏది సరుకుగా ముందే వెళ్లాలి, ఏది అక్కడే అద్దెకు తీసుకుంటే చవక అన్నది ఆఫీసులోనే నిర్ణయమవుతుంది. గుంపుగా టికెట్లు కొంటారు కాబట్టి సామాను గురించి బేరమాడే వీలూ ఉంటుంది. అమెరికాలోని డెల్టా, అమెరికన్, యునైటెడ్ వంటి సంస్థలైతే సినిమా, టీవీ సిబ్బంది సామానుకు ప్రత్యేకంగా తక్కువ రేట్లే పెట్టాయి.

ఇందులో సినిమావాళ్ల తప్పు ఏమీ లేదు. వాళ్లు చేస్తున్నది సరైన పద్ధతి. మనం గమనించాల్సింది వేరే ఉంది. పరిశ్రమ సామానుకు తక్కువ రేటు ఇచ్చి కూడా ఆ సంస్థలు నష్టపోవడం లేదు. కాబట్టి ఇంటి సామానుకు వేసే పెద్ద రేటు మోసే ఖర్చులోంచి వచ్చింది కాదు. ముందే తెలియడం, కలిపి లెక్కించడం, బేరమాడటం అన్న మూడు వీలులుంటే కిలో ధర దిగుతుంది. అవి లేకపోతే ఎగబాకుతుంది. సినిమా యూనిట్టు ఈ మూడింటినీ తన బలంతో సంపాదించుకుంటుంది. సెలవులకు వెళ్లే కుటుంబానికి ఆ బలం ఉండదు. బలం లేనివాళ్లకు ఆ వీలు కల్పించడానికే నియమాలూ నియంత్రణ సంస్థలూ ఉన్నాయి.

అమెరికా వెళ్లే తల్లిదండ్రుల విషయంలో ఈ అసమానత మరీ స్పష్టం. అమెరికా మార్గంలో ఎకానమీ ప్రయాణికుడికి సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు ఉచితం. మొత్తం 46 కిలోలు. విజయవాడ నుంచో విశాఖ నుంచో బయల్దేరేవాళ్లకు హైదరాబాద్ లేదా ఢిల్లీ దాకా దేశీయ విమానం, అక్కడి నుంచి అంతర్జాతీయ విమానం ఎక్కాలి. రెండూ ఒకే టికెట్టు మీదుంటే దారి పొడవునా 46 కిలోల హద్దే వర్తిస్తుంది. అమెరికా రవాణా శాఖ నియమం కూడా మొదటి సంస్థ పెట్టిన హద్దు ప్రయాణమంతటికీ చెల్లాలనే చెబుతుంది. డబ్బు మిగులుతుందని పిల్లలు రెండు టికెట్లు వేరువేరుగా కొంటే దేశీయ విమానంలో హద్దు పదిహేను కిలోలే. మిగిలిన 31 కిలోలకు కిలోకు అయిదు వందల చొప్పున లెక్కేసినా 15,500 రూపాయలు. చాలాసార్లు ఆ విమానం టికెట్టు ధర కంటే ఇదే ఎక్కువ. ఇంగ్లిషు షరతుల పేజీలో ఎక్కడో ఉన్న ఈ తేడా ఊళ్లో నాన్నకు తెలిసేది కౌంటర్ ముందు నిలబడ్డాకే. అప్పటికి అంతర్జాతీయ విమానానికి గంటలే మిగిలి ఉంటాయి. పెట్టె వదిలి వెళ్లలేడు, ప్రయాణం మానలేడు. ఆ స్థితిలో చేసిన చెల్లింపును ఇష్టపూర్వకమైన కొనుగోలు అనడం సరికాదు.

ఎదురు వాదనలు

దీనికి వినదగిన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, చేతిసంచితో వెళ్లేవాడు పెద్ద పెట్టెలతో వచ్చేవాడి ఖర్చును ఎందుకు భరించాలి అన్నది. ఈ ప్రశ్న న్యాయమైనదే. ఎక్కువ మోయించేవాళ్లు ఎక్కువ కట్టాలి. అయితే ఈ సూత్రాన్ని చివరిదాకా పాటించాలి. కిలోకు డెబ్బై అయిదు రూపాయలు ఖర్చనుకుంటే అంతో, లాభం కలుపుకొని దానికి రెట్టింపో తీసుకుంటే తక్కువ సామాను ఉన్నవాడికి అన్యాయం జరగదు. ఏడు రెట్లు తీసుకుంటే అక్కడ తేలిక ప్రయాణికుడి భారం దించడం పోయి, బరువు ప్రయాణికుడి మీద లాభం తీయడం మొదలవుతుంది. పైగా ఇరవై కిలోలను పదిహేను చేసినప్పుడు ఆ అయిదు కిలోలకు బదులు టికెట్టు ఎంత తగ్గించారో ప్రయాణికుడికి ఎవరూ లెక్క చూపలేదు.

రెండోది, విమానయాన వ్యాపారంలో మిగిలేది బహు తక్కువ అన్న వాదన. ఇందులోనూ నిజముంది. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. హైదరాబాద్ కేంద్రంగా 2015 జులైలో ఏటీఆర్ విమానాలతో మొదలై, నటుడు రామ్‌చరణ్ ప్రచారకర్తగా నిలిచిన ట్రూజెట్ కూడా 2022లో ఆగింది. కడపకు ఉడాన్ విమానం నడిపింది ఆ సంస్థే. అది మూతపడటం తెలుగు నేల మీద చిన్న ఊళ్లకు నష్టమే. ప్రపంచవ్యాప్తంగా సంస్థలకు ఒక్కో ప్రయాణికుడి మీద మిగిలేది ఏడు డాలర్ల చుట్టూ ఉంటుందని వాటి అంతర్జాతీయ సంఘం ఐయాటా చెబుతోంది. సంస్థలు బతకాలి, అందులో రెండో మాట లేదు. కానీ బతకడానికి కావలసిన డబ్బును అందరికీ కనిపించే టికెట్టు ధరలో అడగాలి. అప్పుడు ప్రయాణికుడు రెండు సంస్థలను పోల్చి చూసుకోగలడు. ధర తక్కువగా చూపి, లోటును కౌంటర్ దగ్గర పూడ్చుకుంటే నిజాయితీగా పూర్తి ధర చెప్పిన సంస్థే పోటీలో నష్టపోతుంది. కష్టకాలం పేరుతో వచ్చిన రుసుములు కష్టం తీరాక పోవన్న అనుభవం కూడా ఉంది. 2008లో ముడిచమురు ధర బ్యారెల్‌కు 147 డాలర్ల దాకా ఎగసిన కాలంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి పెట్టెకు పదిహేను డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. తక్కిన పెద్ద సంస్థల్లో చాలావరకు అదే దారి పట్టాయి. చమురు దిగింది, రుసుము దిగలేదు. 2023లో అమెరికా సంస్థలకు సామాను రుసుముల మీదే ఏడు వందల కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

మూడోది, రుసుము తక్కువైతే జనం ఇష్టం వచ్చినంత మోసుకొస్తారు, విమానాలు ఆలస్యమవుతాయి, కాబట్టి ధర భయపెట్టేలా ఉండాలన్న వాదన. భయం పనిచేయాలంటే పెట్టె సర్దే సమయంలోనే ధర తెలియాలి. ఇంటి దగ్గర తెలిసిన ధరే రెండో దుప్పటిని బీరువాలోకి తిరిగి పంపిస్తుంది. కౌంటర్ దగ్గర తెలిసిన ధర బరువును ఒక్క గ్రాము కూడా తగ్గించదు, ఆ పెట్టె అదే బరువుతో విమానం ఎక్కుతుంది, డబ్బు మాత్రం చేతులు మారుతుంది. బరువు తగ్గించడమే సంస్థల ఉద్దేశమైతే టికెట్టు కొనే తొలి తెరమీదే కిలో ధరను పెద్ద అక్షరాల్లో చూపడానికి వాటికి అభ్యంతరం ఉండకూడదు. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో రవాణా శాఖ సామాను రుసుములను టికెట్టు ధరతోపాటు ముందే చూపాలని నియమం తెస్తే, సంస్థలు కోర్టుకెళ్లి అమలును ఆపించాయి. వాటికి ఏది ముఖ్యమో ఆ కేసే చెబుతోంది.

నాలుగోది, ధరలను మార్కెట్టుకు వదిలేస్తే పోటీయే సరిచేస్తుందన్నది. పోటీ ఉన్నచోట ఆ మాట నిజం. మన దేశీయ ప్రయాణికుల్లో పది మందిలో తొమ్మిది మంది రెండే గ్రూపుల విమానాల్లో ఎక్కుతున్నారు. ఇండిగో ఒక్కదానిదే అరవై శాతానికి పైన. హద్దు, రుసుము దాదాపు ఒకేలా ఉన్న రెండు దుకాణాల మధ్య ఎంచుకోవడాన్ని పోటీ అనలేం. దశాబ్దాల పాటు రెండు పెట్టెలు ఉచితమని చెప్పి జనాన్ని ఆకట్టుకున్న అమెరికా సంస్థ సౌత్‌వెస్ట్ కూడా 2025 మే 28 నుంచి ఆ మాట మార్చుకుంది. లాభాల కోసం ఒత్తిడి పెరిగితే పోటీ ప్రయాణికుడి పక్షాన నిలబడుతుందన్న హామీ లేదు.

చివరిది, ప్రభుత్వం ధరల్లో జోక్యం చేసుకోకూడదన్న అభ్యంతరం. అవసరమైతే జోక్యం చేసుకుంటామని కేంద్రం రెండుసార్లు చూపింది. కరోనా తర్వాత విమానాలు మళ్లీ మొదలైన 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా టికెట్లకు కనిష్ఠ, గరిష్ఠ ధరలు పెట్టింది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వందల్లో రద్దయి ధరలు పెరిగినప్పుడు దూరాన్ని బట్టి 7,500 రూపాయల నుంచి 18,000 రూపాయల దాకా గరిష్ఠ పరిమితి విధించింది. 2017 తీర్పు ఒక నియంత్రణ సంస్థ తన పరిధి దాటిందన్నది. విమానయాన చట్టం కింద ఛార్జీల గురించి నియమాలు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఎప్పటి నుంచో ఉంది. 1934 నాటి చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. టికెట్ల ధరలు, అదనపు రుసుములపై నియంత్రణ కోరుతూ వేసిన పిటిషన్‌పై 2025 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసులిచ్చింది. ఈ పని చేయడానికి ఇంతకంటే మంచి అదను రాదు.

ఏం చేయాలి

కావలసింది పెద్ద సంస్కరణ కాదు, కేంద్రం నియమంగా రాయాల్సిన నాలుగు మాటలు. మొదటిది, టికెట్టు వెతికే తొలి తెరమీదే పదిహేను, ఇరవై, పాతిక కిలోలతో మొత్తం ఎంతవుతుందో పక్కపక్కన చూపాలి. వేరే టికెట్టుతో కలిపి ప్రయాణించేవాళ్లకు హద్దు మారుతుందన్న హెచ్చరిక తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఉండాలి. రెండోది, హద్దు దాటిన తొలి అయిదు కిలోలకు తక్కువ మెట్టు ధర ఉండాలి, కౌంటర్ ధర ముందస్తు ధర కంటే పాతిక శాతానికి మించి ఎక్కువ ఉండకూడదు. సిబ్బందికి అదనపు పని పడుతుంది కాబట్టి కొంత తేడా న్యాయమే. మూడోది, ఒకే పీఎన్ఆర్ మీద వెళ్లే కుటుంబానికి మొత్తం బరువు కలిపి లెక్కించడం హక్కు కావాలి. అమ్మ పెట్టె పదిహేడు, కొడుకు పెట్టె పదమూడు ఉంటే విమానం మోసేది ముప్ఫై కిలోలే. ఇప్పుడు అది చాలాచోట్ల కౌంటర్‌లో ఉన్న మనిషి దయ మీద ఆధారపడుతోంది. పెట్టెల లెక్కన హద్దు ఉండే అమెరికా మార్గంలో ఒకటి 25, మరోటి 21 కిలోలున్నా రుసుము పడొచ్చు. ఒక్కో పెట్టె 32 కిలోలు దాటనంత వరకూ ఆ తేడాకు జరిమానా అక్కర్లేదు. నాలుగోది, డబ్బు తీసుకుని మోసిన సామాను ఆలస్యంగా వస్తే ఆ రుసుము అడగకుండానే వాపసు రావాలి. అమెరికాలో 2024లో తెచ్చిన నియమం ప్రకారం దేశీయ విమానం దిగిన పన్నెండు గంటల్లో పెట్టె అందకపోతే రుసుము తిరిగివ్వాలి. మన దగ్గర ఇది ఇంకా అవసరం. ఎందుకంటే రుసుము కిలోల లెక్కన తీసుకుంటున్నా, పెట్టె పోతే పరిహారం కిలోల లెక్కన రాదు. అంతర్జాతీయ ప్రయాణాలకు మాంట్రియల్ ఒప్పందం కింద 2024 డిసెంబరు 28 నుంచి ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు రెండు వేల డాలర్లు గరిష్ఠ పరిమితి. నలభై కిలోలకు అదనంగా కట్టినా హద్దు అదే.

తూకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. వీధి చివర కిరాణా కొట్టు కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలని అందరికీ తెలుసు. విమానాశ్రయం కౌంటర్‌లోని యంత్రం కూడా డబ్బు వసూలుకు ఆధారమయ్యే తూకమే కాబట్టి అదే న్యాయం దానికీ వర్తించాలి. ముద్ర, పరీక్షించిన తేదీ ప్రయాణికుడికి కనిపించేలా ఉండాలి, కౌంటర్ వరుసలోకి రాకముందే ఎవరైనా ఉచితంగా తూచుకునే యంత్రాలు తగినన్ని ఉండాలి.

ఐరోపా అనుభవం మరో విషయం చెబుతుంది. ఐరోపా యూనియన్ న్యాయస్థానం 2014లో ఒక తీర్పులో, చెక్-ఇన్ సామానుకు వేరుగా రుసుము తీసుకోవచ్చు గానీ, సహేతుకమైన బరువు, కొలతలున్న చేతిసంచి ప్రయాణానికి తప్పనిసరి భాగమని, దానికి అదనంగా అడగకూడదని చెప్పింది. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం చేతిసంచికి వసూలు వంటి పద్ధతుల మీద అయిదు సంస్థలకు కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. సంస్థలు దాన్ని సవాలు చేశాయి, ఆ వివాదం ఎటు తేలినా ఒక సంగతి స్పష్టం. ఏది ఐచ్ఛికం, ఏది తప్పనిసరి అన్న గీతను అక్కడ కోర్టులూ ప్రభుత్వాలూ గీస్తున్నాయి. మన దగ్గర ఆ గీత గీసే పెన్ను సంస్థల చేతిలోనే ఉంది.

ప్రయాణికుడి వంతు కూడా ఉంది. పాతకాలపు గట్టి సూట్‌కేసు ఖాళీగానే నాలుగయిదు కిలోలు తూగుతుంది, పదిహేనులో మూడో వంతు అక్కడే పోతుంది. చేతితో పట్టుకునే చిన్న డిజిటల్ కాటా ఇంట్లో ఉంటే సగం సమస్య తీరుతుంది. ఎండుకొబ్బరి తేలిగ్గా నిప్పంటుకునే సరుకుల జాబితాలో ఉంది కాబట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. పవర్ బ్యాంకులు చేతిసంచిలోనే ఉండాలి, నూనె తేలే పచ్చళ్లు చెక్-ఇన్ పెట్టెలోనే వెళ్లాలి. ప్రయాణం ఖాయమైన రోజునే వస్తువుల జాబితా రాసి, బరువులు వేసుకుని, ఎక్కువ తప్పదనుకుంటే ముందే కొనుక్కోవాలి. ప్రొడక్షన్ మేనేజర్లు చేసే పని ఇదే, ఇంట్లో చేయడం కష్టం కాదు. అన్యాయంగా వసూలు చేశారనిపిస్తే రసీదు దాచుకుని ఎయిర్‌సేవ పోర్టల్‌లో, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేయాలి. అలాంటి ఫిర్యాదులు లెక్కకు వచ్చినప్పుడే నియమాలు రాసేవాళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది.

అయితే ప్రయాణికుడి జాగ్రత్త ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాలేదు. మొదటిసారి విమానం ఎక్కేవాళ్లు మన దగ్గర ఏటా పెరుగుతున్నారు. వాళ్లందరూ మోసపోయి నేర్చుకోవాల్సిన అవసరం లేదు. న్యాయమైన నియమం వచ్చాక అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం సులువు. సంస్థల వార్షిక లెక్కల్లో కౌంటర్ దగ్గర వసూలైన అదనపు రుసుము ఏటా తగ్గుతూ, ముందుగా కొన్న బరువు పెరుగుతూ పోవాలి. బరువు తగ్గించడానికే ఈ రుసుము అని సంస్థలు నిజంగా నమ్మితే, ఆ ఆదాయం తరిగిపోవడాన్ని అవి కూడా విజయంగానే లెక్కించాలి.